"ఒక్కటే కదా" అన్న మాట ఇంకోసారి నా ముందు అనొద్దు

ఇప్పుడే ఇంటికొచ్చాను, కోపం ఇంకా దిగలేదు. నా స్నేహితురాలికి ఏడో నెల. రోజుకు పది సిగరెట్లు కాల్చే మనిషి, కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచి తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఒకటికి వచ్చింది. అదెంత కష్టమో అలవాటున్నవాళ్లను అడగండి. ఆ ఒక్కటి కూడా మానేస్తానని ఇవాళ నలుగురిలో చెప్పిందో లేదో వాళ్లాయన అందుకున్నాడు: "ఒక్కటే కదా, ఏం కాదులే. నువ్వు టెన్షన్ పడితేనే బిడ్డకు మంచిది కాదు." అని ఊరుకున్నాడా, తనొకటి వెలిగించుకుని ప్యాకెట్‌ను ఆమె వైపు జరిపాడు. ఆమె ఒక చెయ్యి పొట్ట మీదే ఉంది, రెండో చెయ్యి ప్యాకెట్ మీదకు వెళ్లింది. అది చూశాక నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

ఏం కాదని ఎవరు చెప్పారండీ? అమెరికాలో 2007 నుంచి 2011 దాకా పుట్టిన దాదాపు 2 కోట్ల మంది పిల్లల రికార్డులు చూసి 2019లో ఒక అధ్యయనం వేశారు. గర్భంతో ఉండగా రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, బిడ్డ ఏడాది నిండకముందే ఉన్నట్టుండి చనిపోయే ప్రమాదం రెట్టింపు అవుతుందని అందులో ఉంది. ఒక్కటికే! తగ్గించినవాళ్ల పిల్లలకు కొంత మేలు, పూర్తిగా మానేసినవాళ్ల పిల్లలకు అంతకంటే మేలు జరిగిందని కూడా ఉంది. అంటే తను పడ్డ కష్టం వృథా కాదు, ఇంకొక్క మెట్టు మిగిలింది. సరిగ్గా ఆ మెట్టు మీదే అడ్డం నిలబడ్డాడు ఈ పెద్దమనిషి.

ఆ టెన్షన్ సంగతి కూడా చెప్తాను. సిగరెట్ లేకపోతే వచ్చే చిరాకులో చాలా భాగం నికోటిన్ పెట్టిన చిరాకే. మానేయడానికి సాయం కావాలంటే డాక్టర్‌ని అడగాలి గానీ ప్యాకెట్ జరపడమేంటి?

ఆ నికోటిన్ తల్లి దగ్గరే ఆగదు, మాయ (ప్లాసెంటా) దాటి కడుపులోని బిడ్డకు చేరుతుంది. నిద్రలో ఊపిరినీ మెలకువనూ చూసుకునే మెదడు భాగాన్ని దెబ్బతీస్తుంది. మామూలుగా పసిబిడ్డ ముక్కు మీద దుప్పటి పడి గాలి తగ్గితే ఏం చేస్తుంది? కదులుతుంది, తల తిప్పుతుంది, ఏడుస్తుంది. ఆ ఏడుపు విని మనం పరిగెత్తుతాం. ఆ మెలకువే రాకపోతే ఏడుపుండదు, మనకు తెలిసేదీ ఉండదు. బిడ్డకు రెండు నుంచి నాలుగు నెలల వయసప్పుడే ఇలాంటి చావు ఎక్కువగా జరుగుతుంది. పసిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని 1990లలో చాలా దేశాలు ప్రచారం చేశాక ఈ చావులు బాగా తగ్గాయి, ఒక్క చిన్న అలవాటు మారితేనే. పొగ దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఏం కాదులే".

నా అసలు మంట ఇంకోటుంది. మా పిన్ని మూడు నెలల బిడ్డ రాత్రి పాలు తాగి పడుకుని పొద్దున లేవలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను. కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లు ప్రశ్నలన్నీ పిన్నికే. ఎలా పడుకోబెట్టావు, ఏం తిన్నావు, మధ్యలో ఎందుకు లేచి చూడలేదు? ఆవిడ జన్మలో సిగరెట్ ముట్టలేదు. అదే గదిలో, ఆవిడ కడుపుతో ఉన్నన్నాళ్లూ, బిడ్డ పుట్టాక కూడా, బాబాయ్ సిగరెట్ మీద సిగరెట్ కాల్చాడు. పక్కవాళ్ల పొగ కూడా పిల్లల ప్రాణం తీయగలదని అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం గురించి ప్రభుత్వం తరఫున చెప్పే పెద్ద డాక్టర్) 2006 నివేదికలోనే ఉంది. అయినా ఆయన్ని ఒక్క మనిషి ఒక్క మాట అడగలేదు. పిన్ని ఇప్పటికీ ఎవరింట్లో చంటిబిడ్డ నిద్రపోతున్నా, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి గానీ కూర్చోదు.

రేపు పొద్దున్నే స్నేహితురాలికి ఫోన్ చేస్తాను. ముందు ఫోన్ ఆయనకివ్వమంటాను. ఆమె మానేయాలంటే ఆ ఇంట్లో ప్యాకెట్ ఉండకూడదు, అది మొదట ఆయన జేబులోంచి పోవాలి.