యజమాని ఉండని ఇంటిని ‘హోమ్‌స్టే’ అని ఎలా అంటారు?

వరుసగా మూడు సెలవులు కలిసి వస్తే చాలు, బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల నుంచి తెలుగు కుటుంబాల కార్లు కర్ణాటక కొండ ప్రాంతాలైన కొడగు, సకలేశపుర, చిక్కమగళూరు దారి పడతాయి. వెళ్లడం మీద నాకు అభ్యంతరం లేదు. నేనూ వెళ్తూనే ఉంటాను. అక్కడ మనకు ఏమి అంటగడుతున్నారు, మనం నోరు మెదపకుండా ఎందుకు డబ్బు కడుతున్నాం అన్నదే నా బాధ.

కేంద్ర పర్యాటక శాఖ నిబంధనల ప్రకారం హోమ్‌స్టేగా గుర్తింపు పొందాలంటే యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి, అద్దెకిచ్చే గదులు 6కు మించకూడదు. సకలేశపుర దగ్గర మేము దిగిన ఒక ‘హోమ్‌స్టే’లో వరుసగా కాటేజీలు, వాటి మధ్య ఈత కొలను, దాని పక్కన ‘రెయిన్ డాన్స్’ అనే బోర్డు ఉన్నాయి గానీ, ఇల్లన్నది మాత్రం లేదు. యజమాని బెంగళూరులోనే ఉంటారట. ఎక్కడో ఈశాన్యం నుంచి కొత్తగా పనికి వచ్చిన కుర్రవాడు పాపం అన్నీ తానే చూసుకుంటున్నాడు. సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాల తీగను చూపించి అదేమిటని మా పిల్లలు అడిగితే అతనికీ తెలియలేదు. కిటికీ అవతల కనుచూపు మేర కాఫీ తోట, కిటికీ ఇవతల బల్ల మీద ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు. రాత్రికి ఎనిమిది వేలు కట్టి తాగిన ఆ కాఫీ రుచి నాకింకా గుర్తుంది.

అసలైన ఇల్లు ఎలా ఉంటుందో కొడగులోని విరాజపేట వైపు ఒక కాఫీ ఎస్టేట్ ఇంట్లో చూశాను. ఆ ఇంటి పెద్దావిడ వంటగదిలో నిలబడి, బియ్యపు నూకను ఉడికించి, చేతికి నెయ్యి రాసుకుని కడంబుట్టు అనే కొడగు వంటకానికి ఉండలు చుడుతూ, కాచంపులిని (పుల్లటి పండు రసంతో చేసే అక్కడి పులుపు) ఎంత సేపు మరిగిస్తే అంత నల్లగా చిక్కబడుతుందో చెప్పారు. రోబస్టా రకం కాఫీ మొక్కకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక మంచి వాన పడాలని, పడిన వారం పది రోజులకు తోటంతా తెల్లగా పూసి మల్లెల వాసన వేస్తుందని, ఆ వాన ముఖం చాటేస్తే స్ప్రింక్లర్లతో తడపలేని చిన్న రైతుకు ఆ ఏడాది దిగుబడి మీద ఆశ సన్నగిల్లుతుందని ఆవిడ చెబుతుంటే, మా పిల్లలు ఫోన్లు పక్కన పడేసి విన్నారు. ఎనిమిదింటికి భోజనం, ఆ తరువాత వంటగది మూత, వరండాలో దీపాలు ఆర్పివేత. మాతో వచ్చిన వారిలో ఒకరు దీన్ని ‘హాస్టల్ పద్ధతి’ అని సణిగారు. (సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీసిందీ ఆయనే, ఆవిడ రుచి చూసి మెచ్చుకున్నారు కాబట్టి క్షమించాను.) నేను డబ్బు కట్టేది ఆ పద్ధతికే.

ఇక నీటి సంగతి. కావేరి పుట్టేది కొడగులోని తలకావేరిలో. దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి పైకి తోడి పంపిస్తే తప్ప ఆ నీరు బెంగళూరు కొళాయిలకు చేరదు. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తగవులాడుకున్న మనమే, అదే నది పుట్టే కొండల మీద ప్రతి కాటేజీకీ ఒక కొలను కావాలని వెతికి మరీ బుక్ చేస్తున్నాం. ఆ కొలనుల కోసం, వాటి దగ్గరకు వెళ్లే రోడ్ల కోసం కొండ వాలును నిలువునా కోస్తారు. 2018 ఆగస్టులో కొడగులో కొండచరియలు విరిగిపడి ఎన్నో కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. దానికి రిసార్టులే కారణమని నేను అనను, ఆ నెల కురిసిన వాన అసాధారణమైనది. కానీ కోసిన వాలుకు వానను తట్టుకునే బలం తగ్గుతుందని తెలిసి కూడా ఇంకా కోస్తూ పోవడాన్ని ఏమనాలి?

అడవి అంచున ఈ నిర్లక్ష్యం ప్రాణాల మీదికే వస్తుంది. తమిళనాడు నీలగిరి జిల్లాలోని మసినగుడిలో ఒక బస చోటుకు వచ్చిన ఏనుగు మీదికి మండుతున్న టైరు విసిరితే, కాలిన గాయాలతో అది చనిపోయింది 2021 జనవరిలో. అక్కడి ఏనుగుల దారిలో కట్టిన రిసార్టులు ఖాళీ చేయాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి అప్పటికి మూడు నెలలే అయింది. కర్ణాటకలోని బందీపుర పులుల అభయారణ్యం గుండా వెళ్లే జాతీయ రహదారుల మీద 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపుతున్నారు; రోడ్డుకే ఆ నియమం ఉన్నప్పుడు, పక్కనున్న బసలో అర్ధరాత్రి దాకా క్యాంప్‌ఫైర్, స్పీకర్లు ఎందుకు? రాత్రి పదింటి తరువాత బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదన్న నిబంధన 2000 నుంచి దేశమంతటా ఉంది, అడవికి ప్రత్యేకంగా రాయనక్కరలేదు.

అంతా యజమానుల తప్పే అంటే నేను ఒప్పుకోను. ‘టీవీ లేదు, సిగ్నల్ లేదు, పురుగులున్నాయి’ అని ఒక్క నక్షత్రం ఇచ్చేది మనమే. ఆ రేటింగ్ చూసి భయపడి, నిజంగా ఇల్లు నడుపుకుంటున్న మనిషి కూడా అప్పు చేసి కొలను తవ్విస్తాడు.

కొలనుకు ఒక గుర్తు, వైఫైకి ఒక గుర్తు పెట్టగలిగిన బుకింగ్ యాప్‌లకు, యజమాని అక్కడే ఉంటారా, పర్యాటక శాఖలో నమోదు సంఖ్య ఎంత అన్న రెండు ముక్కలు చూపించడానికి అడ్డం ఏమిటో నాకు అర్థం కాదు. అవి చూపించే దాకా నేను ఫోన్ చేసే అడుగుతాను: ఇంట్లో ఎవరుంటారు, వంట ఎవరు చేస్తారు, నీళ్లు ఎక్కడివి, చెత్త ఎక్కడికి పోతుంది. ‘మేడమ్, ఓనర్ ఇక్కడ ఉండరు, డీజే మాత్రం ఏర్పాటు చేస్తాం’ అంటే, మర్యాదగా ఫోన్ పెట్టేసి ఇంకో నంబరు వెతుక్కుంటాను.