నాప్కిన్‌లో గుడ్డ ఎక్కడుంది?

ఆదోని పత్తి యార్డు పక్కనున్న మందుల అంగడిలో కొన్నా సరే, శానిటరీ నాప్కిన్ చించి చూస్తే సాధారణంగా కనబడేది పత్తి కాదు. పైపొర పాలీప్రొపిలీన్, మధ్యలో కలప గుజ్జు, అందులో తడి తగిలితే జెల్‌గా ఉబ్బే పాలిమర్ పలుకులు, అడుగున పాలిథిన్. నేసిన గుడ్డ జానెడైనా ఉండదు. పేరు మాత్రం గుడ్డే.

లాటిన్‌లో మప్పా అంటే గుడ్డ. ఫ్రెంచిలో నాప్ అయింది. ఇంగ్లిషువాళ్లు ‘కిన్’ తోక తగిలించి ‘చిన్న గుడ్డ’ చేశారు. మ్యాప్ కూడా ఆ మప్పా సంతానమే. మన భూపటంలో ‘పటం’ సంస్కృతంలో బట్టే కదా, రెండుచోట్లా ఆలోచన ఒకటే. శానిటరీకి మూలం సానిటాస్, అంటే ఆరోగ్యం.

మన మాట ముట్టుగుడ్డ. గుడ్డ సంగతి నిజమే, చిక్కంతా ముట్టుతోనే. ముట్టు అంటే తాకడం, తాకితే మైల. ఆదోని, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలోనూ నెలసరికి ఇదే మాట. బహిష్టులో ‘బయట’ ఉండనే ఉంది. చన్నీళ్లలో నానబెట్టి (వేడినీళ్లకు మరక గట్టిపడుతుంది), సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరేస్తే పాత నూలు చీర ముక్క బాగానే పనికొస్తుంది. అనంతపురంలో ఎండకేం కరువు? అయినా ఎవరి కంటా పడకూడదని లంగా కిందో, బాత్రూము మూలనో ఆరేస్తారు. చెమ్మ పోదు. దురద, ఒరుసుకుపోవడం అక్కడే మొదలు.

నాప్కిన్ అన్న పేరు చేసే చెరుపు వేరు. గుడ్డే అనుకుని పారేసేముందు ఉతుకుతారు, పాలిమర్ ఇంకా ఉబ్బుతుంది. కమోడ్‌లో వేస్తే గొట్టం మలుపులో అడ్డం పడుతుంది. ‘శానిటరీ’ అని రాసి ఉన్నంత మాత్రాన రోజంతా ఒకటే ఉంచుకోవచ్చని కాదు, 4 నుంచి 6 గంటలకు మార్చాల్సిందే.

సర్కారు పేర్లూ అంతే. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12వ తరగతి బాలికలకు నెలకు 10 చొప్పున ఇవ్వడం మొదలుపెట్టి ‘స్వేచ్ఛ’ అన్నారు. జన ఔషధి ప్యాడ్‌ది ‘సువిధ’. అంగట్లో దొరికే ‘విస్పర్’ అయితే అచ్చంగా గుసగుసే. లోపలేముందో ఏ పేరూ చెప్పదు.

ఉన్నవాటిలో ‘ప్యాడ్’ నయం. ఫ్యాన్సీ స్టోర్‌లో పరీక్ష అట్ట తెచ్చిచ్చే ప్రమాదం ఉన్నా, గుడ్డనని మాత్రం అనదు. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు వాడినదాన్ని చుట్టి పారేసేందుకు కంపెనీలే కవరు ఇవ్వాలన్నాయి. ఆ కవరు మీద ‘లోపల ప్లాస్టిక్ ఉంది, చుట్టి విడిగా పారేయండి’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చేయడానికి ఎంతవుతుంది?