తక్రార్ పేటీ గారూ, మీకో అర్జీ

అయ్యా తక్రార్ పేటీ (ఫిర్యాదుల పెట్టె) గారూ,

నమస్కారాలు. మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకా బడిలో, హెడ్‌మాస్టర్ గది గుమ్మం పక్కన, గోడకి నాలుగు మేకులతో మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఎర్ర రంగు ఇంకా మెరుస్తోంది, చిన్న తాళం తుప్పు పట్టలేదు, మొన్నటి జెండా పండగకి ఎవరో వేసిన బంతిపూల దండ ఎండిపోయి అలాగే వేలాడుతోంది. మీ నోరు మాత్రం సరిగ్గా నా నెత్తి ఎత్తున ఉంది. ఒకటో తరగతి పిల్ల అక్కడిదాకా చేయి చాపాలంటే స్టూలు కావాలి, స్టూలేమో హెడ్‌మాస్టర్ గదిలో ఉంటుంది, కాబట్టి ఆయన మీదే ఏదైనా చెప్పుకోవాలనుకున్న పిల్ల ముందు ఆయన దగ్గరికే వెళ్లి "సార్, కాస్త స్టూలిస్తారా" అని అడగాలి. ఎంత పకడ్బందీగా ఆలోచించారండీ!

మీరు ఊరికే రాలేదు, తెలుసు. 2024 ఆగస్టులో ఠాణే జిల్లా బద్లాపూర్‌లో ఒక బడిలో ఇద్దరు పసిపిల్లల మీద అక్కడ సఫాయి పనిచేసేవాడే అఘాయిత్యం చేశాడని కేసయింది. జనం పట్టాల మీద కూర్చుని రైళ్లు ఆపేశారు, బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. అప్పుడు సర్కారు ఉలిక్కిపడి లేచి, అన్ని బడుల్లో సీసీ కెమెరాలు పెట్టండి, పిల్లల భద్రత చూసే సఖీ సావిత్రి సమితులు వేయండి, తక్రార్ పేటీలు తగిలించండి అని ఉత్తర్వులిచ్చింది. కెమెరాల సంగతి వదిలేయండి, మా వైపు వానాకాలంలో కరెంటు కనిపించడమే గొప్ప. అన్నిట్లోకీ చవక మీరే, అందుకే అందరికంటే ముందు వచ్చారు.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. బద్లాపూర్ పిల్లలు తమకు జరిగింది ఇంట్లో పెద్దవాళ్లకు నోటితోనే చెప్పుకున్నారు కదా? ఆ పెద్దవాళ్లు పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తితే కేసు రాసుకోకుండా గంటల తరబడి కూర్చోబెట్టారని కదా అంత గొడవ జరిగింది? పిల్లలు చెప్పారు, ఇంట్లోవాళ్లు విన్నారు, వినాల్సిన కుర్చీలో కూర్చున్నవాళ్లే వినలేదు. దానికి మందుగా చెవుల్లేని మిమ్మల్ని పంపారు.

పైగా మీరు రాసిస్తేనే తీసుకుంటారు. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, లోపలి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు గోండీ, మాడియా. బడిలో మరాఠీ. ఒకటో రెండో తరగతుల్లో మరాఠీ అంటే వాళ్లకు బోర్డు మీద ఉన్నది పలకలోకి దించుకోవడమే. మా పాప "కమళ్" అని ఎంత అందంగా రాస్తుందో, ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే ముచ్చటేస్తుంది, కానీ "ఆ పెద్దబ్బాయి నన్ను బాత్రూం దగ్గర తోశాడు" అని మరాఠీలో రాయమంటే నా మొహం చూస్తుంది. నన్ను రాయమన్నా నేనూ ఎదురింటివాళ్ల మొహం చూస్తాను, అది వేరే సంగతి.

పిల్లల మీద అఘాయిత్యాలకి అడ్డుగా పోక్సో చట్టం 2012లోనే వచ్చింది, మీకంటే పన్నెండేళ్లు పెద్దది. దాని 19వ సెక్షన్ ప్రకారం బిడ్డ నోటితో చెబితే చాలు, రాసుకోవాల్సింది వినేవాళ్లు, అదీ బిడ్డకు అర్థమయ్యే తేలిక మాటల్లో. బిడ్డకు ఆ భాష రాకపోతే దుబాసీని పెట్టాలి. వాంగ్మూలం కూడా బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి, పోలీసు యూనిఫాం వేసుకుని రాకూడదు. ఖాకీ బట్టలు చూసి బిడ్డ జడుసుకుంటుందని కూడా ఆలోచించారు చూడండి! అంత పెద్ద చట్టం అంత కిందికి వంగింది. మీరు మాత్రం గోడ మీద నుంచి జానెడు దిగరు.

మీరు నోరు తెరిచే రోజు నేనూ చూశాను. స్కూలు కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టంలో ఉంది కాబట్టి మా బోటివాళ్లకీ ఓ కుర్చీ దొరుకుతుంది. హెడ్‌మాస్టర్ గారు తన బల్ల సొరుగులోంచే మీ తాళంచెవి తీశారు. తెరవగానే ముందు ఒక బల్లి దూకింది, తర్వాత రెండు చాక్లెట్ కాగితాలు, ఓ చింతగింజ, చివర్లో నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం. అందులో పెన్సిల్‌తో గీసిన తలుపు, తలుపుకి తలుపంత పెద్ద తాళం, పక్కన రెండు జడల పిల్ల. అంతే. అందరూ ముచ్చటపడ్డారు. "బొమ్మ బాగుంది, ఎవరు గీశారో" అని ఒకరు, "డ్రాయింగ్ పోటీకి పంపుదాం" అని ఇంకొకరు. రిజిస్టర్‌లో తారీఖు వేసి ఎదురుగా ఎప్పటిలాగే "నిరంక్", అంటే ఏమీ లేదు, అని రాశారు. చుట్టుపక్కల బడుల్ని చూసుకునే కేంద్ర ప్రముఖ్ గారు వచ్చినప్పుడు నెలనెలా వరసగా ఉన్న ఆ నిరంక్‌లు చూసి, ఇంత ప్రశాంతమైన బడి తాలూకాలోనే లేదన్నారట.

ఆ తలుపేమిటో ఊళ్లో ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి స్టాఫ్ వాడుకుంటున్నారు. అందుకని పిల్లలు పొద్దున్నే ఇంట్లో నీళ్లు తాగడం మానేశారు, నీళ్ల సీసా ఎలా వెళ్లిందో అలాగే తిరిగొస్తుంది. జూన్ ఆఖరున బడి తెరిచేనాటికి మా దగ్గర ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా, రేకు ఒళ్లు మీది. ఒంటేలుకి పోతే మంటని ఏడ్చే పిల్లలు, పొద్దున బ్యాగు చూడగానే కడుపునొప్పి అనే పిల్లలు, ఇవన్నీ తక్రార్లే. నానమ్మలకు తెలుసు, ఏఎన్ఎం అక్కకి తెలుసు. మీ రిజిస్టర్‌కే తెలియదు.

ఇంకొకావిడకి కూడా తెలుసు. బడి వెనక షెడ్డులో ఖిచిడీ వండే ఆవిడ. పిల్లలంతా ఆవిణ్ణి అత్తా అంటారు. ఎవరు నిన్నటి నుంచి తినడం లేదో, ఎవరి అరచేతి మీద బెత్తం వాత ఉందో (విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద బెత్తం నిషేధం, బెత్తం మాత్రం బీరువా మీద ఉంది), ఏ పిల్ల ఏ మూలకి పోనంటోందో, గరిట తిప్పుతూనే పట్టేస్తుంది. తెలుగులో అడుగుతుంది, గోండీలో కసురుతుంది, మరాఠీలో సార్లకు చెప్పబోతుంది. "నీ పని నువ్వు చూసుకో" అంటారు. ఆవిడ ఏ సమితిలోనూ లేదు. ఆవిణ్ణి గోడకి తగిలించి ఫొటో తీసి పైకి పంపడం కుదరదు మరి.

కాబట్టి పేటీ గారూ, మీరు కొంచెం పక్కకి జరగండి. రాజీనామా అక్కర్లేదు, పెద్దవాళ్ల అర్జీలు తీసుకుంటూ ఉండండి. తాళంచెవి మాత్రం ఆ బల్ల సొరుగులోంచి బయటికి రావాలి, కంచే చేను మేసే చోట కాపలా ఎవరికి? మీరు తెరుచుకునేటప్పుడు ఇద్దరు తల్లులు పక్కనుండాలి, బొమ్మ వచ్చినా గీత వచ్చినా ఏమిటని అడిగి రాయాలి. సఖీ సావిత్రి సమితిలో వంటావిడకి కుర్చీ వేయాలి, పిల్లలు చెప్పింది ఆవిడ చెబితే ఏఎన్ఎం అక్క రాసుకోవాలి. పిల్లల సాయానికి ఫోను చేసే 1098 నంబరు మీ నుదుటి మీద పెద్దక్షరాలతో రాయించండి, అంకెలైతే మా పిల్లలు ఏ భాషలోనైనా చదువుతారు. ఇవన్నీ వచ్చే కమిటీలో అడుగుతున్నాను, అడిగిన మాట మినిట్స్‌లో రాయకపోతే అక్కణ్ణుంచి లేవను. మరుగుదొడ్డి తాళం మాత్రం కమిటీ దాకా ఆగదు, రేపు పొద్దున్నే ప్రార్థనకి ముందు నేనూ ఇంకో నలుగురు తల్లులూ వస్తున్నాం.

ఈ ఉత్తరం మీ నోట్లోనే వేస్తున్నాను. పక్కింటి డిగ్రీ అబ్బాయితో మరాఠీ చేయించి కలిపి కుట్టాను, భాష తెలియలేదని అనకుండా. సంతకం ఉంది, తారీఖు ఉంది, బొమ్మలు లేవు. ఈ నెల నిరంక్ అని రాయడానికి కుదరదు.

ఇట్లు
రెండో తరగతి పిల్ల తల్లి