కలలకు కత్తెర వేసే వీరులకు జేజేలు

నాలుగు గంటల నిద్ర చాలునని ఛాతీ విరుచుకుని చెప్పేవాళ్లంటే నాకు అపారమైన గౌరవం. పాపం, కాలం ఆదా చేస్తున్నామనే వాళ్లూ అనుకుంటారు. నిజానికి వాళ్లు చేపట్టింది కలల నిర్మూలన.

ఎలాగంటారా? రాత్రంతా నిద్ర ఒకే తీరుగా సాగదు. సుమారు 90 నిమిషాలకొక విడత. విడత చివర్లో రెమ్ నిద్ర వస్తుంది. రెప్పలు మూసే ఉంటాయి, లోపల కనుగుడ్లు మాత్రం పోయిన తాళంచెవిని వెతుకుతున్నట్టు అటూ ఇటూ పరుగులు పెడతాయి. మొదటి విడతలో ఇది 10 నిమిషాలైనా ఉంటుందో లేదో. తెల్లవారేసరికి అరగంట దాటి, ఒక్కోసారి గంట దాకా సాగుతుంది. రంగులూ రభసా ఉన్న కలలు ఎక్కువగా అక్కడే. అంటే పొద్దుటి రెండు గంటలూ కోసేస్తే, టైటిల్స్ చూసి హాల్లోంచి లేచి వచ్చేసినట్టే. ఎంత పొదుపు!

ఈ గొడవంతా షికాగో విశ్వవిద్యాలయంలో మొదలైంది. యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి సొంత కొడుకు తలకే తీగలు అతికించి, నిద్రలో వాడి కళ్లు కదలడం పట్టుకున్నాడు. గురువు క్లైట్‌మన్‌తో కలిసి 1953లో లోకానికి చాటాడు. ఆ దశలో తట్టి లేపితే జనం కలల్ని పూసగుచ్చినట్టు చెప్పారు. పిల్లాణ్ని జోకొట్టి ఊరుకునుంటే సరిపోయేది.

రెమ్ వేళ మెదడులో పరిపాలన చూడండి. భయాలూ ఉద్వేగాలూ చూసే విభాగం ఓవర్‌టైమ్ చేస్తుంది. "ఇదెలా కుదురుతుంది?" అని నిలదీయాల్సిన ముందు భాగం కునుకు తీస్తుంది. అందుకే పరీక్షకు ఏనుగెక్కి వెళ్లినా మనకు అనుమానం రాదు, పెన్ను మర్చిపోయామనే టెన్షన్ తప్ప. లేచి పరిగెత్తకుండా కండరాలకు మాత్రం తాళం పడుతుంది. ఇంత ముందుచూపున్న యంత్రాంగం బుర్రకి సెలవెందుకిచ్చిందో! (రెమ్ కాని నిద్రలోనూ కలలొస్తాయి లెండి. చాలావరకు మీటింగ్ మినిట్స్‌లా చప్పగా ఉంటాయి, ఎవరూ పనిగట్టుకుని పక్కవాళ్లకు చెప్పరు.)

ఈ కలల నిర్మూలన ఉద్యమానికి ఒకటే చిక్కు. ఎగ్గొట్టిన రెమ్‌ని మెదడు పద్దు రాసుకుంటుంది. ఒళ్లెరగకుండా పడుకున్న రోజు చూసి, తొందరగా మొదలుపెట్టి, ఎక్కువసేపు, మరింత ఉధృతంగా వసూలు చేసుకుంటుంది. నాకు తెలిసిన వీరుడొకాయన మొన్న సెలవుకి 10 గంటలు పడుకున్నారు. లేచేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కలలో అలారం మోగుతూనే ఉందట. ఆపుదామంటే చెయ్యి లేవలేదట.