పొమ్మనలేక పొగ

గడువు 2025 అక్టోబర్ 14, మంగళవారంతో తీరింది. విండోస్ 10 వాడుతున్న సామాన్యుడికి ఇకపై మైక్రోసాఫ్ట్ నుంచి ఉచిత భద్రతా అప్‌డేట్లు రావు. కంప్యూటర్ ఆగిపోలేదు. బటన్ నొక్కితే బుధవారం పొద్దున కూడా ఎప్పట్లాగే తెరుచుకుంది. కానీ ఇక మీదట ఏ కిటికీ గడియ ఊడినా బిగించే నాథుడు ఉండడు. విండోస్ 11కు మారండి, మీ యంత్రం అందుకు పనికిరాదంటే కొత్తది కొనండి, అదీ కాదంటే 30 డాలర్లు కట్టి ఇంకో ఏడాది నెట్టుకురండి అంటోంది ఆ సంస్థ. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

పొగబెట్టినా జనం ఇల్లు ఖాళీ చేయలేదు. వెబ్ వాడకం లెక్కలు తీసే స్టాట్‌కౌంటర్ ప్రకారం గడువు ముంచుకొచ్చిన సెప్టెంబర్‌లోనూ ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లలో పదింట నాలుగు విండోస్ 10 మీదే నడిచాయి. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబర్ 5న. విండోస్ 10 ఉన్నవారికి అది ఉచితం. నాలుగేళ్లుగా ఊరికే ఇస్తామంటున్నా ఇంతమంది పుచ్చుకోలేదంటే, కొందరు వద్దనుకున్నారు, కొందరి యంత్రాన్ని సంస్థే గుమ్మంలో ఆపేసింది. ఇద్దరినీ ఒకే గాటన కట్టి, కాలంతో నడవలేని మొద్దులన్నట్టు చూడడం మాకు మింగుడుపడటం లేదు.

వద్దనుకున్నవారిని తప్పుపట్టడానికి ఏముంది? టాస్క్‌బార్‌ను తెర పక్కకో పైకో జరుపుకొనే వీలు విండోస్ 95 నాటి నుంచీ ఉంది. కొత్తదాంట్లో తీసేశారు. రైట్ క్లిక్ మెనూను సగానికి కోసి, మిగతా సగం కావాలంటే ఇంకో క్లిక్ కొట్టమన్నారు. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌ను మొదటిసారి తెరవాలంటే ఇంటర్నెట్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. డబ్బు పెట్టి కొన్న యంత్రపు స్టార్ట్ మెనూలో యాప్‌ల ప్రచారం. ఏ మూల చూసినా కోపైలట్ అనే ఏఐ సహాయకుడు. ఇక మన ప్రింటింగ్ ప్రెస్సుల సంగతి వేరే చెప్పాలా? శుభలేఖ దగ్గర్నుంచి ఎన్నికల కరపత్రం దాకా అనూ ఫాంట్లతో, అడోబీ ఏనాడో వదిలేసిన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో కొట్టే డీటీపీ ఆపరేటర్‌కు విండోస్ 10 అన్నదే కొత్త. కొందరి బల్లల మీద విండోస్ 7, ఎక్స్‌పీ కూడా ఇంకా కొలువున్నాయి. దాన్ని మొండితనం అనలేం. పాత ఫైలు తెరిస్తే ఒత్తులు చెదరకుండా రావాలన్న జాగ్రత్త అది.

ఈ 'మొండివాళ్లు' గతంలో రెండుసార్లు గెలిచారు కూడా. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు మాకు ఎక్స్‌పీయే ఇవ్వండని కొనుగోలుదారులు పట్టుబట్టారు. ఎక్స్‌పీ అమ్మకాల గడువును సంస్థే పొడిగించుకోవాల్సి వచ్చింది. 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ పీకేశారు. ఏడాది తిరిగేసరికి 8.1లో తెచ్చి పెట్టారు. విస్టానూ విండోస్ 8నూ ఇప్పుడు వెనకేసుకొచ్చేవారు మైక్రోసాఫ్ట్‌లోనే దొరకరు. వాడేవాడి మాటలో నిజం ఉందని అప్పట్లో కాస్త ఆలస్యంగానైనా ఒప్పుకున్నారు. ఇప్పుడు ఒప్పుకోవాల్సిన అవసరం లేదు, చేతిలో గడువు అనే కర్ర ఉంది కదా.

పదేళ్ల పాటు ఉచితంగా అప్‌డేట్లు ఇవ్వడం చిన్న విషయం కాదనీ, ఏ సంస్థా పాత సరుకును కలకాలం మోయలేదనీ, కొత్త చిప్‌లతో భద్రత పెరుగుతుందనీ సంస్థ తరఫు వాదన. వాదనగా బాగానే ఉంది. మా అభ్యంతరమంతా అందులోని ఆ 'భద్రత' అనే మాటతోనే.

విండోస్ 10కు మరమ్మతులు రాయడం మైక్రోసాఫ్ట్ మానేసిందా? లేదు. ఆ సంగతి ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. కంపెనీలు యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు కట్టుకుంటూ పోతే 2028 అక్టోబర్ వరకు ఇస్తారు. పెద్ద సంస్థలకు అమ్మిన విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్ దీర్ఘకాలిక కూర్పుల్లో 2019 నాటిదానికి 2029 జనవరి వరకు ఇస్తారు. యంత్రాల్లో బిగించే 2021 నాటి ఐఓటీ కూర్పుకు ఏకంగా 2032 జనవరి దాకా ఇస్తారు. అంటే మరో ఆరేళ్లకు పైగా విండోస్ 10 లోపాలను వెతికి, సరిచేసి, పరీక్షించి పంపే ఇంజినీర్లు అక్కడ జీతాలు తీసుకుంటూనే ఉంటారు. మందు తయారవుతూనే ఉంటుంది, సీసా నిండుతూనే ఉంటుంది. గుంటూరులో కిరాణా కొట్టు లెక్కలు రాసుకునే కంప్యూటర్‌కు మాత్రం అది ఊరికే అందదు. దీనికి భద్రత అని పేరు పెట్టడం ఏ నిఘంటువు ప్రకారం?

అర్హత నిబంధనల కథ ఇంకా ఘనం. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్నారు. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలన్నారు. ఎనిమిదో తరం వచ్చిందే 2017లో. అంటే విండోస్ 11 పుట్టిన నాటికి నాలుగైదేళ్ల వయసున్న మంచి కంప్యూటర్లు కూడా ముసలివైపోయాయి. భద్రత విషయంలో రాజీ పడలేమన్నారు. పడ్డారు. ఏడో తరానికి చెందిన 7820హెచ్‌క్యూ అనే ప్రాసెసర్‌ను జాబితాలోకి రానిచ్చారు. అది మైక్రోసాఫ్ట్ అప్పటికీ సొంతంగా అమ్ముకుంటున్న సర్ఫేస్ స్టూడియో 2 కంప్యూటర్‌లో ఉన్న ప్రాసెసర్. అర్హత లేని యంత్రంలో విండోస్ 11 ఎక్కించుకోవడానికి విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఏం మార్చాలో కూడా సంస్థే తన పేజీలో రాసి పెట్టింది, గడువు దగ్గరపడిన ఏడాదిలో ఆ వాక్యాలు తీసేసింది. మనింటి పిల్లాడైతే పాస్, పక్కింటి పిల్లాడైతే ఫెయిల్.

2024 మే నెలలో సీఈఓ సత్య నాదెళ్ల ఉద్యోగులకు ఒక లేఖ రాశారు. భద్రతకూ మరో ప్రాధాన్యానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే భద్రతనే ఎంచుకోండి అన్నది దాని సారాంశం. మూడు వారాలు తిరగకముందే అదే సంస్థ రీకాల్‌ను ప్రకటించింది. తెర మీద కనిపించేదాన్నంతా కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి దాచిపెట్టే సదుపాయం అది. భద్రతా నిపుణులు ఏకిపారేశాక వాయిదా వేసి, మార్పులు చేసి 2025లో విడుదల చేశారు. అమెరికాలో వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ 2025 సెప్టెంబర్‌లో నాదెళ్లకే ఉత్తరం రాసి ఈ ద్వంద్వ నీతిని ఎత్తిచూపింది. ఒకపక్క సైబర్ భద్రత కోసం మారండి అంటూనే మరోపక్క కోట్ల యంత్రాలను దొంగలకు వదిలేయడం ఏమిటని నిలదీసింది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న పిల్లాడు ప్రపంచాన్ని ఏలుతున్నాడని మనమంతా 2014లో మిఠాయిలు పంచుకున్నాం. అందులో తప్పేమీ లేదు. ఆ అభిమానం ఈ ప్రశ్న అడగడానికి అడ్డం రాకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా కడుపు మండే విషయం. ఆ 30 డాలర్లు అందరికీ కాదు. యూరోకన్స్యూమర్స్ అనే సంఘం అభ్యంతరం చెబితే, గడువుకు మూడు వారాల ముందు మైక్రోసాఫ్ట్ దిగివచ్చింది. యూరోపియన్ ఆర్థిక మండలిలోని దేశాల్లో వ్యక్తిగత వాడకందారులకు ఆ అదనపు ఏడాది అప్‌డేట్లు ఉచితం, ఖాతాతో సైన్ ఇన్ అయితే చాలు. మరి మనకు? డబ్బన్నా కట్టాలి, మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వెయ్యి అన్నా కూడబెట్టాలి, లేదా సెట్టింగులను సంస్థ క్లౌడ్‌లోకి బ్యాకప్ చేయాలి. ఆ క్లౌడ్, అంటే వన్‌డ్రైవ్‌లో ఊరికే ఇచ్చే చోటు 5 జీబీ, అది నిండితే మళ్లీ చెల్లింపులు. జర్మనీలో ఉచితంగా అందుతున్న మరమ్మతూ జగిత్యాలలో ఊరికే అందని మరమ్మతూ ఒకటే కోడ్. వైరస్ పాస్‌పోర్టు చూసి సోకదు. కానీ భద్రత మాత్రం పాస్‌పోర్టు చూసి అందుతుందట! అమెరికా బయట మైక్రోసాఫ్ట్‌కున్న పెద్ద అభివృద్ధి కేంద్రాల్లో ఒకటి 1998 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. మన పిల్లలు రాసే సంస్థ కోడ్ మన దాకా రావడానికి మాత్రం టోల్‌గేటు.

మరమ్మతు దగ్గర పెట్టుకుని ఇవ్వకపోతే ఏమవుతుందో చూడనిది కాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపారు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై వైరస్ విరుచుకుపడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా ఆ సెగ తగిలింది, బ్రిటన్‌లో ఆసుపత్రులు వేలకొద్దీ అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. నిజమే, ఆ దాడిలో ఎక్కువగా దెబ్బతిన్నవి అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 యంత్రాలు, ఎక్స్‌పీ కాదు. కానీ అగ్గి అంటుకున్నాక మైక్రోసాఫ్ట్ ఏం చేసింది? ప్రత్యేకంగా డబ్బు కట్టే పెద్ద ఖాతాదారుల కోసం అప్పటికే సిద్ధమై ఉన్న ఎక్స్‌పీ మరమ్మతును అప్పుడు తీసి అందరికీ ఇచ్చింది. అంటే సీసా అప్పుడూ అల్మరాలోనే ఉంది. ఇల్లు తగలబడితే తప్ప అల్మరా తాళం తీయరన్నమాట. ఎనిమిదేళ్ల తర్వాత అదే అల్మరా, అదే తాళం.

పర్యావరణం గురించి రెండు మాటలతో సరిపెడతాం, ఎందుకంటే అక్కడ వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఈ గడువు వల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ 2023లోనే అంచనా కట్టింది. 2030 నాటికి తన వ్యర్థాలను సున్నా చేస్తానన్నది మైక్రోసాఫ్ట్ ప్రతిజ్ఞ. సొంత ఆఫీసు ఊడ్చుకుని ఊరి చెత్త పెంచితే ప్రతిజ్ఞ నెరవేరినట్టేనేమో.

2015 మేలో షికాగోలో జరిగిన మైక్రోసాఫ్ట్ వారి ఇగ్నైట్ సదస్సులో ఆ సంస్థ ఉద్యోగి ఒకరు విండోస్ 10 'చివరి విండోస్' అన్నారు. సంస్థ ఆ మాటను ఖండించలేదు. ఆ భరోసాతో, ఏడాది పాటు ఉచితమన్న ఆశతో, వద్దని గుణకారం గుర్తు నొక్కినా సరేనన్నట్టు లెక్కవేసుకున్న పాపప్‌ల పుణ్యమా అని కోట్ల మంది విండోస్ 10లోకి వచ్చారు. ఆనాడు బలవంతంగా ఎక్కించుకున్నవారిని ఈనాడు బలవంతంగా దింపుతున్నారు. బస్సు మాత్రం 2032 దాకా నడుస్తుంది, మీ టికెట్టే చెల్లదు.

మైక్రోసాఫ్ట్‌ది వ్యాపారం, దాని లాభాలు అది చూసుకుంటుంది. మన ప్రభుత్వాలకేమైంది? 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరుతో కమిటీ వేసింది, ఆ ఏడాది చివర పోర్టల్ తెరిచింది. సెల్‌ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు అన్నారు. ఇనుము బాగున్నా సాఫ్ట్‌వేర్ గడువుతో మూలన పడే యంత్రం గురించి ఏమన్నారు? ఎక్స్‌పీ పోయిన నాలుగేళ్లకు కూడా ఏటీఎంలు దాని మీదే నడుస్తుంటే 2018లో రిజర్వు బ్యాంకు దశలవారీ గడువులు పెట్టి మార్పించాల్సి వచ్చింది. ఆ అనుభవం ఎవరికైనా గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లో తహసీల్దారు కార్యాలయాల్లో, పోలీస్ స్టేషన్లలో, సర్కారు ఆసుపత్రుల్లో, బడుల్లో విండోస్ 10 మీద ఉన్న యంత్రాలెన్ని? వాటిలో విండోస్ 11కు పనికొచ్చేవెన్ని? రాని వాటికి ఏం చేయబోతున్నారు? అమరావతిలోగానీ హైదరాబాద్‌లోగానీ ఐటీ మంత్రులు ఈ మూడు అంకెలూ ప్రజల ముందు పెట్టాలి. పక్కనే కేరళ ఇరవై ఏళ్లకు దగ్గరగా బడిపిల్లలకు విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మీద పాఠాలు చెబుతోంది. మన దగ్గర స్వదేశీ, స్వావలంబన అన్న మాటలకు కొదవలేదు. 2025 జూలైలో ఐరోపా ఆంక్షల సాకుతో చమురు శుద్ధి సంస్థ నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసినప్పుడు, నయారా ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాకే అవి తిరిగి వచ్చాయి. మీట ఎవరి చేతిలో ఉందో ఆ రోజే తెలిసింది. తెలిసి ఏం చేశారు?

యూరప్‌లో వినియోగదారుల సంఘం పట్టుబడితే దారికొచ్చింది మైక్రోసాఫ్ట్. మన వినియోగదారుల శాఖకు ఉత్తరం రాయడానికి కాగితం కరవైందా, కంప్యూటర్ అప్‌డేట్ కాలేదా? విండోస్ 10కు మీరు ఎలాగూ రాస్తున్న భద్రతా మరమ్మతులు, మీరు రాసినంత కాలం, భారతీయులకు ఉచితంగా ఇవ్వండి అని అడగడానికి ఒక పేజీ చాలు. ఇకపై కొనే ప్రతి సర్కారు కంప్యూటర్ టెండర్‌లో భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో ముందే రాసివ్వాలన్న షరతు పెట్టడానికి ఒక్క వాక్యం చాలు. ఆ పేజీ, ఆ వాక్యం ఈ వారంలో రాయండి. మరో వానాక్రై వచ్చాక ప్రెస్‌మీట్ పెట్టి, పాత కంప్యూటర్లు వాడుతున్నారని గుమాస్తాలనూ జనాన్నీ తిట్టే హక్కు మీకు అప్పటిదాకా లేదు.