ఫ్యూజు మాట కూడా చెప్పాల్సింది

కారులో పెద్ద ఆంప్ (పాటల సౌండు పెంచే ఆంప్లిఫయర్) పెట్టేవాళ్లు ముందు మందపాటి వైరు వేయించుకోవాలని మీ వ్యాసంలో రాశారు, నిజమే. కానీ ఫ్యూజు మాటే ఎత్తలేదు. నిరుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో నా కారుకి 1000 వాట్ల ఆంప్ బిగించి, ఫ్యూజు తీసుకెళ్లి డిక్కీలో ఆంప్ పక్కన పెట్టారు. అంటే బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైరుకి రక్షణే లేదు. ఇంజిన్ వెనక రేకులో ఆ వైరు దూరే కంతకి రబ్బరు కూడా వేయలేదు. అంచుకి రాసుకుని రాసుకుని ఎర్ర తొడుగు చిట్లి, లోపలి తీగలు మెరుస్తున్నాయి. చూసిన రోజు చేతులు వణికాయి. బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలండీ, అది కాపాడేది ముందు వైరుని.

నిజంగా 1000 వాట్లు ఇచ్చే క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ గట్టిగా మోగితే దాదాపు 90 ఆంపియర్లు లాగుతుంది. చవక వైర్లలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. కొనేముందు తీగ గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు. ఎర్త్ వైరు కారు బాడీకి బిగించే చోట పెయింటు గీకించడం మరిచిపోవద్దు. బాస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారితే కెపాసిటర్ (కరెంటుని కాసేపు నిల్వ ఉంచేది) కొనమంటారు, ముందు కారులో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో అడగండి.