ప్రిన్స్‌టన్ పేరు గొడవ వెనుక అసలు గొడవ

జార్జ్ ఫ్లాయిడ్ హత్యతో అమెరికా అట్టుడుకుతున్న 2020 జూన్‌లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ తన పబ్లిక్ పాలసీ, అంతర్జాతీయ వ్యవహారాల స్కూల్‌కు ఉన్న ఉడ్రో విల్సన్ పేరు తీసేసింది. ఫెడరల్ ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగులను వేరు చేయనిచ్చిన అధ్యక్షుడాయన. 2015లో విద్యార్థులు అడిగినప్పుడే తీసేయాల్సింది. సరే, అది అందరూ రాసిన కథ. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆ స్కూల్ మీద నడిచిన డబ్బు కేసు.

1961లో రాబర్ట్‌సన్ దంపతులు ఆ స్కూల్‌కు మూడున్నర కోట్ల డాలర్లు ఇచ్చారు. పీజీ విద్యార్థులను ప్రభుత్వ ఉద్యోగాలకు, ముఖ్యంగా విదేశీ వ్యవహారాలకు తయారు చేయాలన్నది ఉద్దేశం. ఆ నిధి పెరిగి పెరిగి కొండంత అయింది. చదివినవాళ్లలో ప్రభుత్వంలోకి వెళ్తున్నది కొద్దిమందేనని, డబ్బు దారి మళ్లుతోందని 2002లో వారసులు కోర్టుకెక్కారు. 2008 చివర్లో, విచారణ మొదలవకముందే రాజీ కుదిరింది. కుటుంబం పెట్టిన లీగల్ ఖర్చులకు 4 కోట్లు, ప్రభుత్వ సేవకు మనుషులను తయారుచేసే కొత్త ఫౌండేషన్‌కు 5 కోట్ల డాలర్లు. మిగతా నిధి ప్రిన్స్‌టన్‌కే.

ఫలానా ఉద్యోగమే చెయ్యమని ఏ విద్యార్థినీ కట్టడి చెయ్యలేమన్నది నిజమే. స్వచ్ఛంద సంస్థల్లో చేసేదీ సేవే. కానీ ప్రభుత్వ ఉద్యోగాల పేరు చెప్పి తీసుకున్న డబ్బుకు లెక్క అడిగితే ఆ జవాబు చాలదు.

ఇప్పుడు మన సంగతి. హైదరాబాద్ గీతం యూనివర్సిటీలో 2021 నుంచి కౌటిల్య అనే పబ్లిక్ పాలసీ స్కూల్ నడుస్తోంది. ఇలాంటివి దేశంలో ఇంకా చాలా ఉన్నాయి. వీటిలో ఏ డిగ్రీ తెచ్చుకున్నా ఐఏఎస్‌కు యూపీఎస్సీ పరీక్షలో ఒక్క మార్కు కలవదు. పాలసీ చదివిన పిల్ల కూడా అశోక్‌నగర్ కోచింగ్ క్యూలోనే నిలబడాలి.

2024 ఆగస్టులో కేంద్రం 45 లేటరల్ ఎంట్రీ పోస్టులకు, అంటే బయటి నిపుణులను నేరుగా పై పదవుల్లోకి తీసుకునే పోస్టులకు, ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్లు లేవని గొడవ కాగానే రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అభ్యంతరం నూటికి నూరుపాళ్లు న్యాయం. మరి కన్సల్టెన్సీ కంపెనీల తరఫున సెక్రటేరియట్లలో కూర్చుని పథకాల ప్రజెంటేషన్లు తయారుచేసేవాళ్ల మాటేమిటి? అక్కడ రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే రిజర్వేషన్ల పట్టిక, ఎక్కడుంది? పథకం బెడిసికొడితే సంజాయిషీ ఎవరిని అడగాలి? దీని మీద ఇంత టెన్షన్ ఏ పార్టీకీ రాలేదు, ఎందుకంటే ఏ పార్టీ అధికారంలో ఉన్నా వాళ్లే కావాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ కన్సల్టెన్సీలకు పోస్తున్న ఆ డబ్బుతోనే శాఖకో పాలసీ కేడర్, అంటే పాలసీ పనికి సొంత ఉద్యోగుల బృందం, పెట్టొచ్చు. రోస్టర్ ప్రకారం, సర్వీస్ కమిషన్ల ద్వారా.